ఒళ్ళో పెట్టుకున్నదానికి బరువుండదు

కొండలకు ఇవతల ఉన్న ఊరి విమానాశ్రయంలో, దాన్ని తెరిచిన నాటినుంచి నేటివరకు, "చోటు లేదు" అన్న మాట ఏ ప్రయాణికుడి చెవినా పడలేదని కంపెనీ మేనేజరు గారు వార్షికోత్సవ సభలో సగర్వంగా ప్రకటించారు. సభికులు కరతాళధ్వనులు చేశారు. ఒక్కో కుర్చీలో ఇద్దరేసి కూర్చున్నందువల్ల, చప్పట్లకు ఒక చెయ్యి తమదీ, రెండోది పక్కవారిదీ వాడుకోవలసి వచ్చింది. అయినా ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఈ కీర్తికి కారకుడైన మనిషి వేదిక మీద లేడు. గుమ్మం దగ్గర నిలబడి, ఇంకా వస్తున్నవాళ్ళను లోపలికి సర్దుతున్నాడు. కంపెనీ కాగితాల్లో ఆయన హోదా లోడింగ్ ఆఫీసరు. అంటే విమానంలో ఎవరు ఎక్కాలి, ఏది ఎక్కాలి, ఎక్కడితో ఆపాలి అన్నది తేల్చేవాడు. ఊళ్ళో మాత్రం ఆయన్ని అందరూ సర్దుబాటు గారు అంటారు. పాపం, ఎక్కడితో ఆపాలి అన్న మూడో బాధ్యత సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పూర్వాశ్రమంలో ఆయన బస్సు కండక్టరు. నలభై మంది పట్టే బస్సులో ఎంతమందిని ఎక్కించేవాడో ఎవరికీ తెలియదు. లెక్కపెట్టాలంటే తల తిప్పాలి, తల తిప్పడానికి చోటుండేది కాదు. ఒకసారి ఆ బస్సు దిగినవాళ్ళలో అసలు ఎక్కనివాళ్ళు కూడా ఇద్దరు ఉన్నారని చెప్పుకుంటారు. మేనేజరు గారు ఒకరోజు కారు చెడిపోయి ఆ బస్సే ఎక్కి, దారి పొడుగునా ఎవరి కాలి మీదో ఒంటికాలిపై నిలబడి ప్రయాణించి, దిగేటప్పటికి ఒక నిర్ణయానికి వచ్చేశారు. "విమానమంటే ఏముందయ్యా, రెక్కలున్న బస్సే కదా?" అని ఇంటర్వ్యూలో అడిగారు. "రెక్కల మీద కూడా కూర్చోబెట్టొచ్చాండీ?" అని సర్దుబాటు గారు వినయంగా అడిగాడు. ఆ జిజ్ఞాసకే ఉద్యోగం వచ్చింది.

బస్సులోని శాస్త్రాన్నే ఆయన విమానంలోకీ తెచ్చాడు. తల్లి ఒళ్ళో కూర్చున్న పిల్లకు టికెట్టు లేదు. టికెట్టు లేని మనిషి బస్సులో లేనట్టే లెక్క. బస్సులో లేని మనిషికి బరువెక్కడిది? కాబట్టి ఒళ్ళో పెట్టుకున్నదానికి బరువుండదు. ఈ సూత్రం ఎంత సులువైనదంటే, పదిహేను నిమిషాల్లో ఊరంతా నేర్చుకుంది. కుట్టుమిషన్లు, నీళ్ళ మోటార్లు, తడి సిమెంటు బస్తాలు, మనిషెత్తు అద్దాలు, అన్నీ ఒళ్ళోకి వచ్చాయి. ఒక పళ్ళ డాక్టరు పేషెంట్లు పడుకునే కొత్త కుర్చీని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడు. నిజం చెప్పాలంటే ఆయనే దాని ఒళ్ళో కూర్చున్నాడు, కానీ సూత్రానికి అది అడ్డు కాలేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, బరువును తలా కాస్త పంచుకుంటే విమానానికి తెలియనే తెలియదని మేనేజరు గారు కూడా నమ్మారు.

కౌంటరు పక్కన ఒక కాటా ఉండేది. నలుగురిలో మనిషిని నిలబెట్టి బరువు చూడడం మర్యాద కాదు కనుక, దానిమీద పూలపూల గుడ్డ కప్పి, గుడ్డ మీద ఫిర్యాదుల పెట్టె పెట్టారు.

ఇంత చక్కని ఏర్పాటులో తృప్తి లేని మనిషి ఒక్కడే. అతను పైలట్. సర్దుబాటు గారికి స్వయానా బావమరిది. తల్లి చిన్నప్పుడే పోతే అక్క చంకనేసుకుని పెంచింది. అక్క పెళ్ళిలో బావ వేలు పట్టుకుని వచ్చినవాడు, ఇప్పుడు ఆ బావ సర్దిన జనాన్ని ఆకాశంలో మోస్తున్నాడు. మంచి పిల్లవాడే, కాకపోతే చదువుకున్నాడు.

"బావా, నిన్న చక్రాలకు ఆకులు చిక్కుకున్నాయి," అన్నాడు ఒకరోజు భోజనాల దగ్గర.

"ఏ ఆకులురా?"

"రన్‌వే చివర చెట్లున్నాయి కదా, వాటి చిటారు కొమ్మలవి. మొన్న చివుళ్ళు తగిలాయి. నిన్న ముదురాకులు. రోజురోజుకూ కిందికి వస్తున్నాం."

సర్దుబాటు గారు ఆ సంగతి బాధ్యతగా మేనేజరు గారికి నివేదించాడు. మర్నాడే నిచ్చెన వేయించి ఆ చెట్ల తలలు నరికించారు. ప్రయాణికుల భద్రత విషయంలో కంపెనీ రాజీపడదని బోర్డు కూడా పెట్టారు.

అక్కకు మాత్రం మనసు ఒప్పలేదు. "ఏవండీ, వాడు ఊరికే చెప్పే రకం కాదు. నలుగురిని తగ్గిస్తే మీ సొమ్మేం పోతుంది?" అంది. "తగ్గించమని ఎవరికి చెప్పనే? వచ్చినవాళ్ళంతా తెలిసినవాళ్ళే," అన్నాడు ఆయన. అది అబద్ధం కాదు. సర్దుబాటు గారికి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. జీవితంలో ఒక్కరికి కూడా ఆయన కాదని చెప్పలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఆ ఊరంత మంచి ఊరు ఇంకోటి లేదు.

అలా ఉండగా ఊరి చైర్మన్ గారు కొండల అవతలి ఊళ్ళో కట్టబోయే పెద్దాసుపత్రికి శంకుస్థాపన చేయడానికి బయలుదేరారు. వెంట శిలాఫలకం ఉంది. నల్లరాయి, వీధి తలుపంత ఉంది. దానిమీద చైర్మన్ గారి పేరు జానెడు అక్షరాల్లో, ఆసుపత్రి పేరు వెతికితే కనిపించే అక్షరాల్లో చెక్కారు. రాయిని మోయడానికి నలుగురు వచ్చారు. వీడ్కోలు దండలు వేయడానికి అనుచరులు వచ్చారు. తోపులాటలో దండలు వేయడం కుదరక, లోపల వేద్దామని వాళ్ళూ ఎక్కేశారు. అప్పటికే పంతొమ్మిది సీట్లలో ముప్ఫైమందికి పైగా మామూలు ప్రయాణికులు హాయిగా సర్దుకుని ఉన్నారు. రాయిని ముందు వరుసలో నలుగురి ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టారు. ఒళ్ళో ఉంది కాబట్టి దానికి బరువు లేదు. ఆ నలుగురూ మాత్రం ఆ క్షణం నుంచి మాట్లాడడం మానేశారు.

పైలట్ మెట్లు దిగి బావ దగ్గరికి వచ్చాడు.

"బావా, పొద్దున్నే ఎండ మండిపోతోంది. ఇంత ఎండలో గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు దొరకదు. ఆ రాయి దింపించు."

"దానిమీద చైర్మన్ గారి పేరుందిరా. ఆయన పేరు దింపెయ్యమని నేనెలా చెప్పను?"

"అయితే చైర్మన్ గారినే దింపు."

"ఆయన లేకపోతే రాయెందుకు?"

"ఇద్దర్నీ దింపమనే చెబుతున్నా." పైలట్ గొంతు తగ్గించాడు. "చూడు బావా, నేనంటే పొగరంటారు. మేనేజరు గారు నన్ను తీసేసి ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. నువ్వంటే వింటారు. ఇన్నేళ్ళలో నువ్వెప్పుడూ లేదనలేదు కాబట్టి, ఒక్కసారి అంటే నమ్ముతారు. చోటు లేదను. చాలు."

సర్దుబాటు గారికి ఆ కుర్రవాడి మొహం చూస్తే భయం వేసింది. నిజంగానే వేసింది. ఆయన మెట్లెక్కి, తలుపు దగ్గర నిలబడి, గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే చైర్మన్ గారు, ఎవరో తన ప్రసంగం కోసం నిశ్శబ్దం చేయిస్తున్నారనుకుని లేచి నిలబడ్డారు.

"సోదర సోదరీమణులారా! ఈ విమానం పంతొమ్మిది మందికే అని కొందరు అంటున్నారట. నేను అడుగుతున్నాను, ఆ పంతొమ్మిది నిర్ణయించింది ఎవరు? ఎక్కడో దూరదేశంలో చల్లటి గదుల్లో కూర్చున్న ఇంజినీర్లు! వాళ్ళు మన జనాన్ని చూశారా? మన జనం ఎంతగా సర్దుకుపోతారో వాళ్ళకు తెలుసా? మన సహనాన్ని పంతొమ్మిది సీట్లతో కొలిచే హక్కు ఎవరికీ లేదు!"

విమానం ఊగిపోయేలా చప్పట్లు మోగాయి. చైర్మన్ గారు సర్దుబాటు గారి భుజం తట్టి, "ఏమయ్యా, ఏదో చెప్పబోయావు?" అన్నారు.

"ఏం లేదండీ. కాస్త ముందుకు జరగండి," అన్నాడు సర్దుబాటు గారు. ఏళ్ళ తరబడి నోటికి అలవాటైన మాట అదే వచ్చింది. కిందికి దిగి బావమరిదితో, "వచ్చేటప్పుడు చూద్దాంలేరా," అన్నాడు. పైలట్ మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయాడు.

విమానం రన్‌వే మీద పరుగెత్తింది. చివరిదాకా పరుగెత్తింది. చివర దాటాక కూడా కొంత దూరం పరుగెత్తి, తలలు నరికిన చెట్ల మీదుగా లేచింది. మొదటి కొండ దగ్గర కాస్త సర్దుకుని, పక్కకు ఒరిగి, దాటేసింది. రెండో కొండ ఇంకొంచెం ఎత్తు. ఇన్నాళ్ళుగా ఆ ఊళ్ళో మనుషులు సర్దుకున్నారు, చెట్లు సర్దుకున్నాయి, కాటా కూడా ఫిర్యాదుల పెట్టె కింద సర్దుకుని బతికింది. కొండ ఒక్కటే సర్దుకోలేదు. ఎవరూ మిగల్లేదు.

ఫోను వచ్చినప్పుడు సర్దుబాటు గారు కౌంటరు దగ్గర ఉన్నాడు. విని, ఫిర్యాదుల పెట్టెను కిందికి దించి, కాటా మీద కూర్చున్నాడు. కాసేపటికి భార్య వచ్చింది. ఆమె ఏడవలేదు. ఎదురుగా నిలబడింది.

"వాడు వెళ్ళేముందు ఏమన్నాడు?"

"రాయి దింపమన్నాడు."

"మీరేమన్నారు?"

"వచ్చేటప్పుడు చూద్దామన్నాను."

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బావుండునని ఆయనకు అనిపించింది.

మధ్యాహ్నానికి మేనేజరు గారు సంతాపసభ ఏర్పాటు చేశారు. "ఈ దుర్ఘటనకు కారణాలేమిటో తేల్చడానికి త్రిసభ్య కమిటీ వేశాం. ప్రాథమికంగా తేలిందేమిటంటే, ప్రయాణికుల్లో ఎవరో ఒకరు సరిగ్గా సర్దుకోలేదు. ఒక్కరి స్వార్థం అందరి ప్రాణాలూ తీసింది. ఇకనైనా అందరూ కలిసిమెలిసి కూర్చోవాలి," అని గద్గద స్వరంతో అన్నారు. త్రిసభ్య కమిటీలో పదకొండుమంది ఉన్నారు. ఎవరినీ కాదనలేకపోయారు. వాళ్ళంతా ఆరోగ్యరీత్యా రోడ్డు మార్గాన బయలుదేరారు.

చనిపోయినవాళ్ళను అవతలి ఊళ్ళో బడి గదుల్లో ఉంచారు, ఆసుపత్రి ఇంకా కట్టలేదు కాబట్టి. రోడ్డున వెళితే కొండలు చుట్టి రెండు రోజులు పడుతుంది. అందుకని కంపెనీ పెద్ద మనసుతో, పోయినవాళ్ళ బంధువుల కోసం సాయంత్రం ఉచిత విమానం వేసింది. కూలిపోయినదానికి అది కవలపిల్ల. అవే పంతొమ్మిది సీట్లు.

సీట్ల కంటే మృతులే ఎక్కువ. మృతుల కంటే బంధువులు ఎక్కువ. బంధువుల కంటే, బంధువుల్ని ఓదార్చేవాళ్ళు ఎక్కువ. దానికితోడు వైస్ చైర్మన్ గారు, అంటే పొద్దుటినుంచి చైర్మన్ గారు, సంఘటనా స్థలంలో నిలబెట్టడానికి స్మారక ఫలకం తెచ్చారు. ఇంత త్వరగా ఎలా చెక్కించారని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆయన పేరు చెక్కిన రాయి మూడేళ్ళుగా సిద్ధంగానే ఉంది, సందర్భం ఒక్కటే చెక్కించాల్సి వచ్చింది. పోయినవాళ్ళ పేర్లకు చోటు చాలలేదు.

పంతొమ్మిది మంది ఎక్కాక సర్దుబాటు గారు మెట్లెక్కి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"చోటు లేదు," అన్నాడు.

జనానికి అర్థం కాలేదు. ఆ మాట వాళ్ళు ఎప్పుడూ వినలేదు. ముందున్నాయన వెనక్కి తిరిగి, "ఏమంటున్నాడు?" అని అడిగాడు.

"చోటు లేదండీ. ఎక్కువమంది ఎక్కితే పడిపోతుంది. పొద్దున అలాగే పడింది. బరువెక్కువై పడింది."

అప్పుడు అర్థమైంది, మండిపోయింది. "అంటే మావాళ్ళు లావుగా ఉన్నారంటావా?" అని ఒకామె నిలదీసింది. పోయినవాళ్ళ బరువు ఎత్తిచూపడమా, అదీ పోయిన రోజునా అని నలుగురూ ఛీకొట్టారు. "పొద్దున లేని చట్టం ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?" అన్నారొకరు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడులే," అన్నారింకొకరు. ఒక ముసలాయన మాత్రం కోప్పడలేదు. దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"నాయనా, మావాడు ఆలస్యంగా వచ్చినా నువ్వే ఎలాగోలా సర్ది పంపావట. చచ్చి నీ కడుపున పుడతానని ఫోన్లో చెప్పాడు. వాడికి చోటిచ్చావు, తండ్రిని, నాకివ్వలేవా?"

సర్దుబాటు గారు తల అడ్డంగా తిప్పాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి గానీ తలుపు వదల్లేదు. ఆయన జీవితంలో చేసిన మొదటి మంచిపని అదే. చేస్తున్నంతసేపూ తనంత చెడ్డవాడు లోకంలో లేడని ఆయనకే అనిపించింది.

అంతలో జనాన్ని తప్పించుకుని భార్య మెట్లెక్కి వచ్చింది.

"నువ్వెళ్ళకు," అన్నాడు మెల్లిగా. "నా మాట విను. వీళ్ళు ఆగరు. అందరూ ఎక్కేస్తారు."

"నా తమ్ముడు అక్కడ బెంచీ మీద ఉన్నాడు."

"వాడే ఉంటే నిన్ను ఎక్కనివ్వడు."

"ఊళ్ళో అందరికీ చోటిచ్చారు," అంది ఆమె. ఆమె గొంతులో కోపం లేదు, అదే ఆయన భరించలేకపోయాడు. "కాస్త జరగండి."

వేలమందితో వేలసార్లు తాను అన్న మాట. తనతో ఎవరూ అనలేదు. ఆయన జరిగాడు.

ఆమె వెనకే అందరూ ఎక్కారు. సర్దేవాడు అక్కర్లేకపోయింది, సూత్రం అందరికీ వచ్చు. ముసలాయన్ను ఎవరో ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఓదార్చేవాళ్ళు ఓదార్పు పొందేవాళ్ళ ఒళ్ళో కూర్చున్నారు. ఫలకం ఆరుగురి ఒళ్ళోకి చేరింది. పొద్దుటికంటే మరో పదిమంది ఎక్కువే ఎక్కారు. ఈ విమానం నడపడానికి వచ్చిన పెద్ద పైలట్ గారు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, చూసినందుకు చింతించి, మళ్ళీ చూడలేదు. శోకతప్తులైన బంధువుల మనోభావాలను గాయపరిచినందుకు సర్దుబాటు గారిని మేనేజరు గారు అక్కడికక్కడే ఉద్యోగంలోంచి తీసేసి, కంచె అవతలికి పంపించారు.

కంచె అవతల నుంచే ఆయన చూశాడు. విమానం పరుగెత్తింది. రన్‌వే అయిపోయింది. దుమ్ములో ఏమీ కనబడలేదు. కంచె తీగలు పట్టుకుని, పేరు పెట్టి పిలవని భార్యను పేరు పెట్టి పిలిచాడు. దుమ్ములోంచి విమానం లేచింది, చెట్ల మొండేలను రాసుకుంటూ. పొద్దువాలి గాలి చల్లబడింది. చల్లగాలి చిక్కగా ఉంటుందని, రెక్కలకు పట్టు దొరుకుతుందని బావమరిది ఎప్పుడో చెప్పాడు. మొదటి కొండ దాటింది. రెండో కొండ మీద పొద్దున రేగిన పొగ ఇంకా సన్నగా లేస్తోంది. ఆ పొగలోంచి, కొండను గోటితో గీరినంత దగ్గరగా, దాటేసింది. ఆయన కంచె దగ్గరే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. కాసేపటికి ఫోను వచ్చింది. విమానం క్షేమంగా దిగింది. అందరూ క్షేమం.

త్రిసభ్య కమిటీలోని పదకొండుమంది రెండురోజుల తర్వాత చేరుకుని, వెంటనే నివేదిక ఇచ్చారు. పొద్దున వెళ్ళిన విమానం కంటే సాయంత్రం వెళ్ళినదానిలో జనం ఎక్కువ, రాయి పెద్దది, అయినా క్షేమంగా దిగింది. కాబట్టి పొద్దుటి విమానం బరువు వల్ల పడిందన్న పుకారును కమిటీ తీవ్రంగా ఖండించింది. సాయంత్రం ఎంతమంది ఎక్కారో, ఇకపై అంతమందిని ఎక్కించడం సురక్షితమని శాస్త్రీయంగా రుజువైనట్టు ప్రకటించింది. దాన్నిబట్టి కంపెనీ ఒడి తరగతి అని కొత్త టికెట్టు ప్రవేశపెట్టింది. సర్దుబాటు గారిని మళ్ళీ తీసుకోలేదు. అంత దుఃఖంలో ఉన్న తండ్రికి చోటు లేదన్న మనిషిని ఏ ముఖం పెట్టుకుని తీసుకుంటారు? తమ్ముణ్ణి సాగనంపి రోడ్డున తిరిగొచ్చిన భార్య కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఇంట్లో ఇద్దరే ఉంటారు. ఆ ఇంట్లో చోటుకు కొదవ లేదు.

రెండో విమానం క్షేమంగా దిగిందని చదవగానే మీరు "అమ్మయ్య" అనుకున్నారు కదూ? అనుకోవలసిందే, మనుషులన్నాక. కమిటీవారు కూడా అచ్చంగా ఆ మాటే అనుకుని, దాని కిందే సంతకాలు చేశారు. రేపటి విమానానికి వెళ్ళదలచుకుంటే కాస్త ముందుగా వెళ్ళండి. సీట్లు ఎప్పుడో అయిపోయాయి, ఒడి తరగతిలో ఇంకా చోటుందట.